తల కొట్టని తీసివేతలు

మా వాషింగ్ మెషిన్‌కు నిజం చెప్పే అలవాటు లేదు. ఇంకా తొమ్మిది నిమిషాలు అని చూపిస్తుంది. నేను పోయి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తాను. ఇంకా తొమ్మిది నిమిషాలే. పేపర్లో సంతాప ప్రకటనల పేజీ చూసి వస్తాను, ఆ పేజీలో తెలిసినవాళ్లు కనిపించే వయసు వచ్చింది కాబట్టి. అప్పుడు ఎనిమిది. మెకానిక్‌ను పిలిపిస్తే, "అది అంతే మేడం, అందాజుగ చెప్తది" అన్నాడు. అందాజుగా చెప్పేదానికి అంకెలెందుకు, 'జర ఆగు' అని రాసిపెడితే సరిపోయేది కదా అన్నాను. అతను నవ్వలేదు.

ఈ ఫిర్యాదుకూ నా ఉద్యోగానికీ కొంచెం సంబంధం ఉంది. ముప్పై నాలుగేళ్లు నేను ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. ఒకటి నుంచి ఐదు వరకు అన్ని తరగతులకూ అన్నీ చెప్పాను గానీ, ఎక్కువ కాలం గడిపింది తీసివేతలతో. 'ఇంకా ఎంత?' అని అడిగితే పిల్లలు సరైన జవాబు చెప్పేలా చూడడం నా పని. మెషిన్ కంటే వాళ్లు చాలా నయం.

పై ఫ్లాటు వాళ్ల అమ్మాయి స్రవంతికి ఈమధ్యే టీచర్ ఉద్యోగం వచ్చింది, ములుగు అవతల ఒక ఊళ్లో. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఆంటీ, కూడికలు అయిపోయినయి. రేపటిసంది తీసివేతలు. ఎట్ల చెప్పాలె?"

"ట్రైనింగుల చెప్పలేదా?"

"చెప్పిన్రు. పిల్లలు లేకుంట చెప్పిన్రు."

ఆ పిల్లకు నోటితో చెప్పింది కొంత, చెప్పనిది కొంత ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, బకాయిల సంగతి వదిలేశాను. అవి రిటైరైన వాళ్లు ఎవరైనా చెప్తారు, అడక్కపోయినా.

పోయినవాటి మీద కన్ను

నా మొదటి పోస్టింగు కూడా ములుగు వైపే. జీపు దిగి రెండు కిలోమీటర్లు నడక. ఒకటే గది, అందులో ఐదు తరగతులు, ఒక మేక. మేక ఎవరిదో చివరిదాకా తెలియలేదు గానీ హాజరు బాగుండేది.

తీసివేత చింతగింజలతో చెప్పాలని నాకు నేర్పారు. చింతగింజలకు అక్కడ కొరత లేదు. లక్ష్మి అనే రెండో తరగతి పిల్ల ముందు ఎనిమిది గింజలు పెట్టాను. మూడు తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"ఎన్ని మిగిలినయి బిడ్డా?"

"మూడు."

మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. మళ్లీ మూడే. ముందున్న ఐదు గింజల వంక ఆ పిల్ల చూడను కూడా చూడలేదు.

"ఏడున్నయే మూడు?"

"మీ చేతుల. అవి నావి, ఇయ్యిన్రి."

లక్ష్మికి తీసివేత రాదని నా పుస్తకంలో రాసుకున్నాను. రానిది నాకని తెలియడానికి ఏడాది పట్టింది. ఎవరి దగ్గర నుంచైనా ఏదైనా తీసుకుంటే వాళ్ల కన్ను పోయినదాని మీదే ఉంటుంది. మిగిలినదాన్ని చూడాలంటే కొంత వయసు రావాలి. కొందరికి వయసు వచ్చినా రాదు, బదిలీల కౌన్సెలింగు దగ్గర చాలాసార్లు గమనించాను.

అందుకని స్రవంతికి చెప్పిన మొదటి మాట, గింజలు తీయొద్దని. మూడింటి మీద తువ్వాల కప్పు. "ఇవి పండుకున్నయి, లేచి ఉన్నవి ఎన్ని?" అని అడుగు. పోయాయన్న బెంగ ఉండదు. తప్పు చెప్పినవాళ్లు తువ్వాల ఎత్తి వాళ్లే చూసుకుంటారు. టీచర్ చూపించిన తప్పు కంటే తువ్వాల కింద కనిపించిన తప్పు తొందరగా దిద్దుకుంటారు.

వేళ్లు

వేళ్ల మీద లెక్కపెడితే కొందరు సార్లు కొట్టేవారు, అదీ వేళ్ల మీదే. సర్కారు బడిలో ప్రతి పిల్లకూ సమానంగా, సకాలంలో, పూర్తిగా అందిన బోధన సామగ్రి వేళ్లు ఒక్కటే. వాడుకోనివ్వండి. అవసరం తీరాక పిల్లలే వదిలేస్తారు. వదలని వాళ్లను నేను ఇద్దరినే చూశాను, అందులో ఒకరు మా స్టాఫ్‌రూంలో ఉండేవారు.

ఉన్న స్టేషన్

వేళ్లతో వెనక్కి లెక్కపెట్టేటప్పుడు దాదాపు అందరూ ఒక తప్పు చేస్తారు. తొమ్మిదిలోంచి మూడు తీసేయమంటే "తొమ్మిది, ఎనిమిది, ఏడు" అని మూడు వేళ్లు ముడిచి, జవాబు ఏడు అంటారు. తొమ్మిదిని కూడా లెక్కలో వేసుకున్నారన్నమాట.

దీనికి మందు నాకు మా నాన్న దగ్గర దొరికింది. ఆయన డోర్నకల్‌లో రైలు పట్టాల పని చేసేవారు. చిన్నప్పుడు ఆయనతో వరంగల్ పోతుంటే బండి కేసముద్రంలో ఆగింది. ఇంకా ఎన్ని స్టేషన్లని నేను వేళ్లు ముడుస్తున్నాను, కేసముద్రంతో మొదలుపెట్టి. నాన్న నా మొదటి వేలు విప్పేశారు.

"ఉన్న స్టేషన్ లెక్కకు రాదు బిడ్డా. బండి కదిలినంక వచ్చేది ఒకటి."

ఇంతకంటే మంచి గణిత బోధన నేను తర్వాత ఏ శిక్షణలోనూ వినలేదు. తరగతి గదిలో నేల మీద సుద్దతో గీత గీసి, సున్నా నుంచి ఇరవై దాకా స్టేషన్లు పెట్టేదాన్ని. తొమ్మిది మీద నిలబడ్డ పిల్ల నిలబడ్డంతసేపు నోరు తెరవకూడదు. ఎనిమిది మీదికి దూకినప్పుడు ఒకటి, ఏడు మీదికి దూకినప్పుడు రెండు. వారం రోజుల్లో ఆ తప్పు పోయేది. బడంతా కూతలతో మోగేది, అది వేరే సంగతి.

తల కొట్టుడు

ఆ తర్వాత వరంగల్‌లో నేతవాళ్లు ఎక్కువగా ఉండే ఒక వాడలోని బడికి వచ్చాను. చుట్టూ జంపఖానాలు నేసే ఇళ్లు. బడి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మగ్గాల చప్పుడు వినపడేదని అంటారు. నేను ఎక్కువసార్లు వినలేదు.

హెడ్మాస్టర్ యాదగిరి సార్. మంచి మనిషి, ఈ మాట నిజంగానే అంటున్నాను. పిల్లలెవరికైనా జ్వరమొస్తే స్కూటర్ మీద ఎక్కించుకుని తానే దవాఖానకు తీసుకుపోయేవారు. ఆయనకున్న మూఢనమ్మకం ఒక్కటే, తల కొట్టుడు.

యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసేయాలి. రెండులోంచి ఎనిమిది పోదు. అప్పుడు పక్కనున్న ఐదును కొట్టేసి, దాని నెత్తిన నాలుగు రాసి, రెండును పన్నెండు చేసుకుంటాం. మనందరం నేర్చుకున్నదే. ఆ ఐదును కొట్టేసే గీతను మా బడిలో 'తల కొట్టుడు' అనేవారు. తల కొట్టని తీసివేతకు జవాబు ఒప్పయినా సున్నా. తనిఖీకి వచ్చినవాళ్లు నోటుబుక్కులు తిప్పి, వరసగా తలలు తెగి ఉంటే తృప్తిగా సంతకం పెట్టి పోయేవారు. ఆ రోజుల్లో మా మూడో తరగతి నోటుబుక్కులు చూస్తే ఏదో యుద్ధం జరిగినట్టే ఉండేది.

భాగ్య ఆ మూడో తరగతి పిల్ల. రెండు జడలు, ఎప్పుడూ వేళ్లకు నూలు రంగు. పది తీసివేతలు ఇస్తే పదికి పది సరైన జవాబులు రాసుకొచ్చింది. ఒక్క తల కూడా తెగలేదు.

"ఎవరిది చూసి రాసినవే?"

"ఎవల్ది చూడలే టీచర్."

"మరి తల కొట్టలేదేం?"

"కొట్టకున్న వచ్చింది."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. భాగ్యను నా బల్ల పక్కన కూర్చోబెట్టి పలక మీద ఇంకో ఐదు ఇచ్చాను. ఐదూ ఒప్పే. కిటికీలోంచి బయటికి చూస్తూ చేసింది. నేను ఆ పలక తీసుకుని యాదగిరి సార్ దగ్గరికి పోయాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"జవాబు ఒప్పే కరుణమ్మా. మరి పని ఏడుంది? రేపు తనిఖీకి వచ్చినోళ్లు జవాబు చూస్తరా, పని చూస్తరా?"

"పని చూస్తరు సార్."

"మరింకేం. తల కొట్టుడు నేర్పు."

నేర్పాను. ఆ సంగతి ఇప్పుడు చెప్తాను.

సీటు

భాగ్య నాలుగులోకి వచ్చాక గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించాం. సీటు వస్తే ఐదో తరగతి నుంచి హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. సంతకం కోసం వాళ్లమ్మ రాజమ్మ బడికి వచ్చింది. మాట మెత్తగా ఉండేది కాదు, మనసులో ఏదీ దాచేది కూడా కాదు.

"టీచరమ్మా, సీటు వస్తె సదువుతది. రాకుంటె ఇంట్ల నూలు కండెలు చుట్టుడే. నాకు చేతులు సాల్తలెవ్వు."

"వస్తదిలే రాజమ్మా. పిల్ల హుషారున్నది."

"హుషారు నాకెర్కనే. సీటు సంగతి చెప్పున్రి."

నాలుగు నెలలు బడి అయ్యాక గంటసేపు కూర్చోబెట్టాను. తెలుగు, పరిసరాల విజ్ఞానం బాగా వచ్చాయి. లెక్కల్లో తీసివేతలు సరిచేయాలనుకున్నాను. తప్పులేమీ లేవని మీరు అనవచ్చు. లేవు. అయినా సరిచేశాను. మొదట్లో తల కొట్టకుండా జవాబు రాసి, నా ముఖం చూసి, తర్వాత గీత కొట్టేది, ఇంటికి వచ్చిన చుట్టానికి దండం పెట్టినట్టు. అది కూడా మాన్పించాను. ముందు తల, తర్వాత జవాబు. నెల తిరిగేసరికి పద్ధతి కుదిరింది. కిటికీలోంచి చూడడం మానేసింది. కాకపోతే వేగం కొంచెం తగ్గిందని అనిపించింది. కొత్త పద్ధతి కదా, అలవాటవుతుందిలే అనుకున్నాను.

పరీక్ష రోజు నేనే తీసుకుపోయాను. బయటికి వచ్చి ప్రశ్నపత్రం నా చేతికిచ్చింది. రఫ్ పని దాని అంచుల మీదే చేసింది. మూడు తీసివేతలు. ఐదువందల్లోంచి నూట అరవై ఎనిమిది అనే దాంట్లో ఐదు తల కొట్టి నాలుగు రాసింది, పక్కన సున్నా తల కొట్టి పది రాసింది, అక్కడ ఆగిపోయింది. మిగతా రెండూ అంతే. గీతలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి. జవాబులు లేవు.

"టైం అయిపోయింది టీచర్."

రెండు మార్కులతో సీటు పోయింది. యాదగిరి సార్‌తో చెప్తే, "మన తప్పేమున్నది కరుణమ్మా, పద్ధతి ప్రకారమే చెప్పినం" అన్నారు. నేనూ అవునన్నాను. మా ఇద్దరికీ ఆ విషయంలో అభిప్రాయభేదం రాలేదు.

మగ్గం దగ్గర

ఫలితం చెప్పడానికి వాళ్లింటికి పోయాను. రాజమ్మ మగ్గం మీద ఉంది. భాగ్య మూలన కూర్చుని రాట్నం మీద నూలు కండెలకు చుడుతోంది. సంగతి చెప్పాను. రాజమ్మ చేతులు ఆగలేదు.

"సీటు రాలే అంటరు."

"రెండు మార్కులు తక్కువైనయి రాజమ్మా."

ఆమె నేత మీదికి వంగి వేలితో వరసలు తడిమింది. నీలం పట్టె డెబ్బై వరసలు రావాలట, అప్పటికి నలభై ఎనిమిది అయ్యాయి. తనలో తను అనుకుంటున్నట్టు, "రెండేస్తె యాభై, ఇరవై ఏస్తె డెబ్బై. ఇంక ఇరవై రెండు. నీలం కండె ఒకటి సాలదు బిడ్డా, ఇంకోటి పెట్టు" అంది.

నేను అట్లాగే నిలబడిపోయాను. డెబ్బైలోంచి నలభై ఎనిమిది తీసేసింది ఆమె. ఏ తలా కొట్టలేదు. అసలు తీసేయలేదు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఎక్కింది. భాగ్య పలక మీద గీతలు లేకపోవడానికి కారణం ఇదన్నమాట, మగ్గం పక్కన పెరిగిన పిల్ల మగ్గం లెక్క నేర్చుకుంది అనుకున్నాను. చాలా సంతోషం వేసింది. సందర్భం అది కాదు గానీ, వేసింది.

భాగ్య లేచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. తాగి, గ్లాసు ఇచ్చేసి వచ్చేశాను.

భాగ్య పద్ధతి

ఆ తర్వాతి ఏడాది నుంచి నేను తీసివేత చెప్పే తీరు మారింది. తీసివేత గుర్తు ఒకటే గానీ దాని వెనక మూడు ప్రశ్నలున్నాయి. ఎంత మిగిలింది, ఇంకా ఎంత కావాలి, ఎంత తేడా. పెద్దవాళ్లకు మూడూ ఒకటే. పిల్లలకు కాదు. మొదటిదానికి తువ్వాల చాలు. మూడోదానికి అక్కాచెల్లెళ్ల వయసు పనికొస్తుంది.

"మీ అక్క నీకన్న ఎన్నేండ్లు పెద్దది?"

"మూడేండ్లు."

"వచ్చే ఏడు?"

"రెండేండ్లు. నేను పెరుగుత గద."

"మీ అక్క పెరగదా?"

"దానికి జరమొచ్చింది టీచర్."

జ్వరం తగ్గాక ఆ పిల్లకు అర్థమైంది, ఇద్దరూ పెరిగితే తేడా మారదని. అది అర్థమైతే యాభై మూడులోంచి ఇరవై తొమ్మిది తీసే బదులు రెండింటికీ ఒకటి కలిపి, యాభై నాలుగులోంచి ముప్పై తీసేస్తారు. తల కొట్టే పని లేదు.

రెండో ప్రశ్నకు రాజమ్మ లెక్క. ముప్పై ఎనిమిది స్టేషన్‌లో ఉన్నావు, యాభై రెండుకు పోవాలి. రెండు పోతే నలభై, పది పోతే యాభై, ఇంకో రెండు. మొత్తం పద్నాలుగు. సున్నాలున్న లెక్కలైతే మరీ సులువు. తల కొట్టుడు కూడా నేర్పాను, కానీ అన్నిటి తర్వాత, ఒక దారిగా. యాదగిరి సార్ అప్పటికి రిటైరయ్యారు కాబట్టి నాకు ధైర్యం కూడా వచ్చింది.

దీనికి 'భాగ్య పద్ధతి' అని పేరు పెట్టాను. మండలంలో టీచర్ల శిక్షణలకు నన్ను పిలవడం మొదలుపెట్టారు. ప్రతిచోటా ఆ పిల్ల కథ చెప్పేదాన్ని. మగ్గం దగ్గర నేను నిలబడిపోయిన ఘట్టం వచ్చేసరికి హాలు నిశ్శబ్దమయ్యేది. చివర్లో ఒకే మాట చెప్పేదాన్ని, జవాబు ఒప్పో తప్పో చూసే ముందు, 'ఎట్ల చేసినవ్ బిడ్డా?' అని అడగండని. అందరూ రాసుకునేవారు. ఇప్పటికీ ఆ మాట మీదే నిలబడతాను. స్రవంతికి కూడా అదే చెప్పాను.

బదిలీల మీద ఎక్కడెక్కడో తిరిగి, చివరి మూడేళ్లు మళ్లీ ఆ నేతవాళ్ల వాడ బడికే వచ్చాను. భాగ్య ఏడో తరగతితో చదువు మానేసిందని, మగ్గం మీద ఉంటోందని తెలిసింది. ఆమె కూతురు మా ఒకటో తరగతిలోనే చేరింది. ఆ పిల్లను దింపడానికి నాయనమ్మ వచ్చేది. ఒకసారి భాగ్యను చూసి రావాలనుకున్నాను. నాలుగు సందుల దూరం. వీలు కాలేదు.

రిటైరైన రోజు బడిలో చిన్న సభ పెట్టారు. తల్లిదండ్రులు కూడా వచ్చారు. నేను అలవాటు ప్రకారం భాగ్య కథే చెప్పాను. ఈసారి ఆమె వెనక వరసలో గోడకు ఆనుకుని నిలబడి ఉందని మధ్యలో గమనించాను, చెయ్యి చాపి చూపించాను కూడా. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. ఆమె కొంగు సరిచేసుకుంది.

సభ అయ్యాక కూతురి చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వేళ్లకు ఇప్పుడు కూడా నీలం రంగు ఉంది.

"మంచిగ మాట్లాడిన్రు టీచర్."

"నీ పేరు చెప్పిన్నని ఏమనుకోలేదు గదా?"

"ఏమనుకుంట. గని నేను అట్ల చెయ్యకపోతుంటి. మీరు చెప్పేది మా అమ్మ లెక్క. నాది వేరే ఉండె."

నా మెడలో దండ ఇంకా తీయలేదు. శిక్షణ హాళ్లు, రాసుకున్న టీచర్లు, అందరూ ఒకసారి కళ్ల ముందు తిరిగారు. అప్పుడు అడిగాను.

"మరి నువ్వెట్ల చేసేదానివే?"

భాగ్య కూతురి చేతిలో సగం తిన్న లడ్డు తీసుకుని, కాగితంలో చుట్టి, సంచిలో వేసుకుంది.

"ఇప్పుడడుగుతాన్రా టీచర్?" అంది.